సిన్సినాటి ట్రాముబండి: కేంద్రపు గ్రాంటు, నగరపు తగవు

పాతకాలపు మదరాసులో ట్రాముబండి ఎక్కిన తెలుగువారు ఎందరో ఉండిరి. 1895లో నడువ మొదలిడిన ఆ విద్యుత్తు ట్రాములు 1953లో నిలిచిపోయినవి. అంతకు రెండేండ్ల ముందు, 1951లో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రమునందలి సిన్సినాటి నగరములో కూడ చివరి ట్రాము షెడ్డు చేరుకొన్నది. మదరాసు వీథులలోనికి ఆ బండ్లు మరల రాలేదు. సిన్సినాటిలో మాత్రము 65 ఏండ్ల తరువాత, 2016 సెప్టెంబరు 9వ తేదీన, క్రొత్త పట్టాలపై క్రొత్త బండి కదలినది. అది కదలుటకు ముందు ఆ నగరము చాల ఏండ్లు తనలో తాను తగవులాడుకొన్నది. ఆ తగవులో వాషింగ్టను నుండి వచ్చిన సొమ్ము ఎట్టి పాత్ర వహించినదో చెప్పుటకే ఈ వ్యాసము. కేంద్రము ఇచ్చు గ్రాంటు అనగా నేమో, అది ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో ఈ కథలో తేటగా కానవచ్చును.

సిన్సినాటి ఒహాయో నది ఒడ్డున ఉన్నది. నదికి చేరువగా వ్యాపార కేంద్రము. దానికి ఉత్తరముగా ‘ఓవర్ ది రైన్’ అను పాతపేట. ఆ పైన కొండమీద విశ్వవిద్యాలయము, ఆసుపత్రులు. జర్మనీ నుండి వలస వచ్చినవారు పందొమ్మిదవ శతాబ్దిలో ఆ పేటలో కాపురముండి, నడుమనున్న కాలువకు తమ రైను నది పేరు పెట్టుకొనిరి. కాలువ దాటిన పేట కనుక దానికా పేరు వచ్చినది. 1950లో నగర జనాభా 5 లక్షలు దాటియుండగా 2010 నాటికి 3 లక్షలకు లోపుగా తగ్గెను. పాతపేటలోని అందమైన ఇటుక మేడలు పాడువడి, తలుపులకు బల్లలు కొట్టించుకొని నిలిచియుండెను.

ఇట్టి స్థితిలో 2007 ప్రాంతమున నగర పెద్దలు ట్రాము ఆలోచన పైకి తెచ్చిరి. పశ్చిమ తీరమున పోర్ట్లండు నగరము 2001లో ట్రాము నడిపి, ఆ దారి వెంట క్రొత్త కట్టడములు లేచుట చూచినది. అది వారికి ఆదర్శము. వారి వాదము వినుటకు ఇంపుగానే ఉండెను. బస్సు దారిని రేపు మార్చివేయవచ్చును. నేలలో పాతిన పట్టాలను మార్చుట సులభము కాదు. కావున ఇల్లు కట్టువాడు, అంగడి పెట్టువాడు పట్టాలను నమ్మి పెట్టుబడి పెట్టును. నది ఒడ్డు నుండి పాతపేట మీదుగా కొండపైని విశ్వవిద్యాలయము వరకు పోవు మార్గమును వారు తలపెట్టిరి.

ఎదురువాదము కూడ తేలికైనది కాదు. బస్సు కొరకు వానలో నిలుచుండు బీదవానికి ఈ ముచ్చటబండి వలన ఏమి లాభము? పోలీసులకు, అగ్నిమాపక దళమునకు జీతములిచ్చుటకే ఇబ్బంది పడుచున్న నగరము పట్టాలు పరచుకొనుట తగునా? పాతపేట బాగుపడినచో అద్దెలు పెరిగి అక్కడి నల్లజాతి బీదలు ఎక్కడికి పోవలెను? పన్నుల పెంపును ఎప్పుడును ఎదిరించు ఒక సంఘము, నల్లజాతివారి హక్కుల సంస్థ యొక్క స్థానిక శాఖ, సామాన్యముగా ఒకే పందిరి క్రింద కూర్చుండని ఈ ఇరువురు ఈ విషయమున చేతులు కలిపిరి. ప్రయాణికుల రైలు కొరకు ప్రజల ఓటు లేనిదే సొమ్ము వెచ్చించరాదని వారు 2009లో ఒక తీర్మానమును ఓటర్ల ముందు పెట్టిరి. ఓటర్లు దానిని త్రోసిపుచ్చిరి. 2020 ముగియువరకు ట్రాముపై ఖర్చు కూడదని 2011లో మరియొక తీర్మానము వచ్చినది. అదియు కొద్దిపాటి తేడాతో వీగిపోయినది.

ఓటులో గెలిచినను సొమ్ములో ఓడిన సంవత్సరము కూడ 2011యే. క్రొత్తగా గవర్నరు పదవికి వచ్చిన జాన్ కేసిచ్ ట్రామును మెచ్చనివాడు. ఆయన హయాములో రాష్ట్రము తానిచ్చెదనన్న సుమారు 5 కోట్ల 20 లక్షల డాలర్లను ఉపసంహరించుకొన్నది. దానితో కొండపైకి ఎక్కవలసిన మార్గము కొండ క్రిందనే ఆగినది. మిగిలినది 3.6 మైళ్ల చుట్టుదారి మాత్రమే. విశ్వవిద్యాలయమును చేరని ట్రాము వట్టి విహారబండి అని ఎదురుపక్షము వెక్కిరించెను. రెక్కలు విరిచినవారే ఎగరలేదని నవ్విరని అనుకూలురు నొచ్చుకొనిరి.

ఇప్పుడు కేంద్రపు సొమ్ము సంగతి. 2010లో వాషింగ్టనులోని రవాణాశాఖ, నగరము లోపల తిరుగు చిన్న మార్గముల పద్దు క్రింద సుమారు 2 కోట్ల 50 లక్షల డాలర్లను సిన్సినాటికి మంజూరు చేసెను. 2011 చివర ‘టైగర్’ అను పోటీ పద్దు క్రింద మరి సుమారు కోటి 9 లక్షలు వచ్చినవి. ఇతర పద్దులు కలుపుకొని మొత్తము దాదాపు 4 కోట్ల 50 లక్షలయ్యెను. తుదకు ట్రాముకైన వ్యయము 14 కోట్ల 80 లక్షల డాలర్లుగా లెక్కకు వచ్చినది కనుక కేంద్రపు వంతు నూటికి 30 పాళ్లు. తక్కిన భారములో అధిక భాగమును నగరమే అప్పుపత్రములు అమ్మి మోసినది.

ఈ గ్రాంటును పండుగ కానుక అనుకొనరాదు. మొదటి సంగతి, అది ముందుగా చేతికి అందదు. నగరము పని చేయించి, బిల్లు చూపి, తన వంతు పోగా కేంద్రపు వంతును తెచ్చుకొనవలెను. రెండవ సంగతి, అది పేరు వ్రాసి ఇచ్చిన సొమ్ము. ట్రాము కొరకు ఇచ్చినదానిని రోడ్డు గుంతలు పూడ్చుటకో, పోలీసు జీతములకో మళ్లించుటకు వీలులేదు. ‘ఆ డబ్బుతో మన ఊరికి మరేదైన చేసుకొనరాదా’ అని సిన్సినాటి పౌరులు ఎన్నిమార్లు అడిగిరో లెక్కలేదు. న్యాయమైన ప్రశ్నయే కాని, దానికి జవాబు ఎప్పుడును ‘కాదు’ అనియే. మూడవ సంగతి, ఒప్పందముపై సంతకము చేసి పని నడుమ మానినచో పుచ్చుకొన్నది తిరిగి చెల్లించవలెను. పని ముగిసిన తరువాత కూడ, ఆ బండ్ల ఆయువు తీరకమునుపే వానిని మూలపెట్టినచో మిగిలిన విలువలో కేంద్రపు పాలు కేంద్రమునకే చెందును. ఇక నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. ఈ పద్దులు కట్టుటకే గాని నడుపుటకు కావు. బండి కొనుటకు సాయపడిన చేయి దాని రోజువారీ ఖర్చులకు సాయపడదు.

2012 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగినది. నేలక్రిందనున్న గ్యాసు గొట్టములు, విద్యుత్తు తీగలు ఎవరి ఖర్చుతో కదల్పవలెనో నగరమునకు, విద్యుత్తు కంపెనీకి తగవు పడి కోర్టు కెక్కినది. గుత్తేదారులు వేసిన టెండర్లు అంచనాను మించినవి. 2013లో కౌన్సిలు మరి కోటి 74 లక్షల డాలర్లను సమకూర్పవలసి వచ్చినది. పట్టాలు పాతపేటలోని ఎల్మ్ వీథిలో కానవచ్చుచుండగనే నవంబరు ఎన్నికలు వచ్చినవి. ట్రామును ఆపెదనని చెప్పి నిలిచిన జాన్ క్రాన్లీ మేయరుగా గెలిచెను.

ఆ డిసెంబరు మాసమును సిన్సినాటి ప్రజలు ఇప్పటికిని మరువలేదు. 1వ తేదీన క్రొత్త మేయరు, క్రొత్త కౌన్సిలు పదవులు స్వీకరించిరి. 4వ తేదీన 5 ఓట్లకు 4 ఓట్ల తేడాతో పని నిలిపివేసిరి. రద్దు చేసినచో ఎంత, ముగించినచో ఎంత అని తేల్చుటకు ఒక లెక్కల సంస్థను నియమించిరి. కేంద్ర సంస్థ ఒక గడువు పెట్టినది: 19వ తేదీ అర్ధరాత్రి లోపల పని సాగించు నిర్ణయము రానిచో గ్రాంటు పోవును. లెక్కల సంస్థ నివేదిక వచ్చినది. రద్దు చేయుటకే కోటి 60 లక్షలు మొదలు 4 కోట్ల 60 లక్షల డాలర్ల వరకు కాగలదని, అంతవరకు పెట్టిన సొమ్ము పోవుట వేరు లెక్క యని తేలెను. నడుపు ఖర్చు ఏటా 31 లక్షలు మొదలు 35 లక్షల వరకు ఉండునని కూడ అందు చెప్పబడెను.

ఇక్కడ ఆ నగరపు పాత కథ ఒకటి చెప్పక తీరదు. 1916లో ఓటర్లు 60 లక్షల డాలర్ల అప్పుకు ఒప్పుకొనగా, 1920లో ఎండిన ఆ కాలువ గర్భములోనే భూగర్భ రైలు కొరకు సొరంగములు కట్ట మొదలిడిరి. ధరలు పెరిగి సొమ్ము చాలలేదు, పని నిలిచెను. ఆ సొరంగములలో ఒక్క రైలు కూడ ప్రయాణికులతో నడువలేదు. అప్పు మాత్రము 1966 వరకు తీర్చుచు వచ్చిరి. కాలువ మీది రాజవీథి క్రింద ఆ సొరంగములు నేటికిని ఉన్నవి. సగము పరచిన ట్రాము పట్టాలను చూచినప్పుడు ఆ ఊరివారి మనస్సులో ఏమి మెదలియుండునో ఊహించుట కష్టము కాదు.

అయినను తుది తీర్పుకు కేంద్రపు గడువొక్కటే కారణమని మేము తలంచము. నడుపు ఖర్చు ఎవరిది అను ప్రశ్నకు జవాబు దొరకనిదే ఓటు వేయనని పట్టుబట్టిన సభ్యుడొకడు కౌన్సిలులో ఉండెను. అప్పుడు స్థానికమైన హెయిల్ ధర్మసంస్థ ముందుకు వచ్చి పదేండ్లలో 90 లక్షల డాలర్లను నడుపు ఖర్చునకు ఇచ్చెదనని మాట ఇచ్చినది. 19వ తేదీన, గడువు ఇంక కొన్ని గంటలుండగా, 6 ఓట్లకు 3 ఓట్లుగా పని సాగింపవలెనని కౌన్సిలు తీర్మానించెను. మేయరు నిషేధాధికారము ఆరు ఓట్ల ముందు పనిచేయదు. కేంద్రము భయపెట్టగలిగినది, నమ్మకము కలిగించినది ఊరి సొమ్మే. ఆ ప్రశ్న అడిగినవారిని పురోగతికి శత్రువులని నిందించుట మాకు సమంజసముగా తోచదు. అది 2007లోనే, పటములు గీయక ముందే అడుగవలసిన ప్రశ్న.

ఇదే కాలమున కాన్సస్ సిటీ నగరము వేరు దారి పట్టినది. అక్కడ మార్గము వెంట ఉండువారితో ఒక ప్రత్యేక మండలము ఏర్పరచి, తమపై తాము పన్ను వేసికొందురా అని వారినే అడిగిరి. వారు ఒప్పుకొనిరి. కేంద్రపు గ్రాంటు అక్కడికిని వచ్చినది. కాని ఏటేటి ఖర్చునకు ఆధారము ముందే ఉండుట చేత 2016 మే మాసమున బండి మొదలైన నాటి నుండి టిక్కెట్టు లేదు.

సిన్సినాటిలో మొదట రెండు గంటలకు ఒక డాలరు చొప్పున వసూలు చేసిరి. స్పెయిను కంపెనీ వారు న్యూయార్కు రాష్ట్రమున తయారుచేసిన 5 బండ్లు, 18 స్టాపులు. మోటారుకార్లతో పాటు అదే వీథిలో పోవలసినందున, ఎవరైనను కారును పట్టాలకు అడ్డముగా నిలిపి కాఫీకి పోయినచో ట్రాము కదలలేదు. బస్సువలె ప్రక్కకు తప్పుకొనలేదు. ప్రయాణికులు ముందు అంచనా వేసినంతమంది రాలేదు. వాహనములు నిలుపు స్థలముల రుసుము, పన్ను రాయితీ పొందిన క్రొత్త మేడల యజమానులు స్వచ్ఛందముగా ఇచ్చు భాగము, ధర్మసంస్థ సొమ్ము, ఇవన్నియు కూర్చి బండిని నడిపిరి. 2020లో టిక్కెట్టు ఎత్తివేసిరి. అదే సంవత్సరము జిల్లా ఓటర్లు బస్సుల కొరకు ప్రత్యేకముగా అమ్మకపు పన్నును అంగీకరించుటచే, ట్రాము బస్సు నోటి ముద్దను లాగుకొనుచున్నదను పాత ఫిర్యాదు కొంత చల్లబడినది.

టిక్కెట్టు పోయిన తరువాత జనము పెరిగిరి. 2023లో ఏడాది ప్రయాణముల సంఖ్య 10 లక్షలు దాటినది. పాతపేటలో బల్లలు కొట్టిన మేడలు అనేకము తెరువబడినవి. ఆ ఘనత ట్రాముదా, దానికి ముందే అక్కడ మొదలైన పెట్టుబడులదా అని ఇంకను వాదించుకొనుచున్నారు. కొండపైని విశ్వవిద్యాలయమునకు మాత్రము పట్టాలు చేరలేదు. అక్కడికి పోవువారు నేటికిని బస్సే ఎక్కుచున్నారు.