పాత స్మార్ట్‌ఫోన్: పొలంలో ఒకే పని చేసే కొలత పరికరం

చార్జింగు నిలవని, అద్దం పగిలిన పాత స్మార్ట్‌ఫోన్ నేడు అనేక రైతు కుటుంబాల ఇళ్లలో ఏదో ఒక సొరుగులో పడి ఉంటుంది. ఫోన్ పాతబడిందంటే అందులోని భాగాలన్నీ పాతబడ్డాయని అర్థం కాదు. సాధారణంగా ముందుగా బలహీనపడేవి రెండు: ఒకటి బ్యాటరీ, రెండవది సాఫ్ట్‌వేర్ భద్రత. కెమెరా, గడియారం, జి.పి.ఎస్. గ్రాహకం ఆ తరువాత కూడా చాలాకాలం సక్రమంగా పనిచేస్తాయి. ఈ తేడాను గుర్తిస్తే, పక్కన పడేసిన ఫోన్‌ను పంట పరిశీలనకు మాత్రమే కేటాయించిన పరికరంగా మలచుకోవచ్చు.

డబ్బు వ్యవహారాలకు దూరంగా

ఆండ్రాయిడ్ వ్యవస్థలో బయటపడే లోపాలను సరిదిద్దే భద్రతా సవరణలు 2015 ఆగస్టు నుంచి నెలనెలా వెలువడుతున్నాయి. అయితే ప్రతి తయారీదారు ఒక్కొక్క నమూనాకు కొన్నేళ్ల వరకే వీటిని అందిస్తాడు. ఫోన్ సెట్టింగులలో భద్రతా సవరణ తేదీ కనిపిస్తుంది. అది ఏళ్ల క్రితం ఆగిపోయి ఉంటే, ఆ ఫోన్‌లో యు.పి.ఐ., బ్యాంకు యాప్‌లు ఉంచరాదు, ఓ.టి.పి. వచ్చే సిమ్ కూడా వేయరాదు. పంట రుణమో, ధాన్యం సొమ్మో జమయ్యే ఖాతాను అలాంటి ఫోన్‌కు అప్పగించడం ప్రమాదకరం.

ముందుగా అవసరమైన ఫోటోలను, ఫోన్ నంబర్లను వేరేచోట భద్రపరచుకోవాలి. తరువాత గూగుల్ ఖాతాను తొలగించి, అప్పుడే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఖాతా తొలగించకుండా ఇతర మార్గాల్లో రీసెట్ చేస్తే, చాలా ఫోన్లు పాత ఖాతా వివరాలు ఇచ్చే వరకు తెరుచుకోవు. ఆపైన సిమ్ లేకుండా, విమాన మోడ్‌లో వాడుకుంటే బయటి నుంచి వచ్చే ముప్పు చాలావరకు తగ్గుతుంది; చార్జింగు కూడా ఎక్కువసేపు నిలుస్తుంది.

సాంకేతిక ఆసక్తి గలవారు కొన్ని నమూనాలలో లీనియేజ్ ఓఎస్ వంటి స్వేచ్ఛా వ్యవస్థను ఎక్కించి ఫోన్ ఆయుష్షును పొడిగిస్తారు. ఈ క్రమంలో ఫోన్‌లోని సమాచారమంతా చెరిగిపోతుంది. పొరపాటు జరిగితే ఫోన్ అసలే పనిచేయకపోవచ్చు. ఫోటోలు తీయడానికి మాత్రమే వాడదలచిన రైతుకు ఈ శ్రమ అవసరం లేదు.

బ్యాటరీయే బలహీనత, ప్రమాదమూ అదే

లిథియం అయాన్ బ్యాటరీకి ప్రధాన శత్రువు వేడి. సాధారణంగా 0 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్యనే దానికి చార్జింగు పెట్టాలి. మన వేసవిలో గాలి ఉష్ణోగ్రతే ఆ హద్దును తాకుతుంది. ఎండలో మూసి ఉంచిన డబ్బాలోనైతే వేడి ఇంకా పెరుగుతుంది. కనుక ఫోన్‌ను మోటారు గదిలో రేయింబవళ్లు చార్జరుకు తగిలించి ఉంచడం, ట్రాక్టరుపై ఎండలో వదిలేయడం తగదు. వాడని రోజుల్లో సుమారు సగం చార్జితో నీడపట్టున భద్రపరచాలి.

ఫోన్ వెనుక భాగం ఉబ్బినా, తెర పైకి లేచినా వాడకం వెంటనే ఆపాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం, తిరిగి చార్జి చేయడం అగ్నిప్రమాదానికి దారితీస్తుంది. దానిని చెత్తకుప్పలోనో, కాలువగట్టునో పారవేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఇ-వ్యర్థాల నియమాలు పాత పరికరాల పునర్వినియోగ బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. అందువల్ల అలాంటి ఫోన్‌ను అధీకృత సేకరణ కేంద్రానికి అప్పగించాలి.

ఫోటోను కొలతగా మార్చడం

పైరు నేలను ఎంత మేరకు కప్పిందో ఫోటో ద్వారా లెక్కించవచ్చు. అమెరికాలోని ఓక్లహామా స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఇందుకోసం రూపొందించిన కానోపియో పద్ధతి 2015లో ప్రచురితమైంది. ఫోటోలోని ప్రతి బిందువుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు ఉంటాయి. ఎరుపును, నీలాన్ని విడివిడిగా ఆకుపచ్చతో భాగించగా వచ్చే నిష్పత్తులు నిర్ణీత హద్దు కంటే, సాధారణంగా 0.95 కంటే, తక్కువగా ఉండి, ఆకుపచ్చ ఆధిక్యం కూడా తగినంత ఉంటే ఆ బిందువును పైరుగా లెక్కిస్తారు. లెక్క సులభమైనదే, పాత ఫోన్‌లో తీసిన ఫోటోలను కంప్యూటరుకు మార్చి అయినా చేయవచ్చు.

ఈ పద్ధతికి కలుపు మొక్క కూడా పచ్చదనమే. కనుక కలుపు తీసిన చోటనే ఫోటో తీయాలి. గట్టుపై ఒక గుర్తు పెట్టుకుని, వారానికొకసారి అదే వేళకు, అదే ఎత్తు నుంచి, ఫోన్‌ను నేలకు సమాంతరంగా పట్టుకుని తీస్తేనే ఒక వారాన్ని మరొక వారంతో పోల్చగలం.

నత్రజని అవసరాన్ని మాత్రం ఫోటోలోని రంగును చూసి నిర్ణయించరాదు. కెమెరా వెలుతురును బట్టి రంగును తనంతట తానే సవరిస్తుంది. ఒకే ఆకు ఉదయం ఒక రంగులో, మధ్యాహ్నం మరొక రంగులో కనిపించవచ్చు. వరిలో ఆకు రంగు పట్టికను శరీరం నీడలో, ఆకుకు ఆనించి, కంటితో చూడటమే సరైనది. ఆకును, పట్టికను కలిపి తీసిన ఫోటో అప్పటి పరిశీలనకు సాక్ష్యంగా మాత్రం ఉపకరిస్తుంది.

పత్తి రైతుకు ఉపయోగం

గులాబీ రంగు పురుగు విషయంలో ఒక్కొక్క లింగాకర్షక బుట్టలో రోజుకు 8 మగ రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడితే సస్యరక్షణ చేపట్టాలని సిఫారసు. ఇక్కడ కీలకం ‘వరుసగా మూడు రోజులు’ అన్న మాట. గుర్తుపై ఆధారపడితే ఈ లెక్క తరచుగా తప్పుతుంది. ప్రతి ఉదయం బుట్టలోని పురుగులను తెల్ల కాగితంపై పరచి, బుట్ట సంఖ్య రాసిన చీటీతో కలిపి ఫోటో తీస్తే తేదీ, సమయం వాటంతట అవే నమోదవుతాయి. ఫోన్ గడియారం సరిగా ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. ఈ వరుస ఫోటోలు చేతిలో ఉంటే అనవసరపు పిచికారీ ఖర్చు తప్పుతుంది. అవసరమైన పిచికారీ ఆలస్యం కాదు.

విస్తీర్ణం కొలతలో జాగ్రత్త

ఆరుబయట కూడా ఫోన్ జి.పి.ఎస్. కొన్ని మీటర్ల తేడా చూపడం సహజం. చతురస్రాకారపు ఎకరం భుజం సుమారు 63.6 మీటర్లు. భుజాలు 3 మీటర్లు ఎక్కువగా నమోదైతే విస్తీర్ణం దాదాపు 10 శాతం పెరుగుతుంది. అదే తేడా 10 సెంట్ల మడిలో సుమారు 32 శాతం అవుతుంది. ఆ లెక్కతో ఎరువు గానీ, కలుపు మందు గానీ వేస్తే మోతాదు మూడో వంతు వరకు మించిపోతుంది. చిన్న మడులకు, సెంట్లలో, గుంటలలో లెక్కించే కమతాలకు టేపే మేలు. సరిహద్దు తగాదాలకు ఫోన్ కొలత ఆధారం కానే కాదు.

పాత ఫోన్‌ను అన్ని పనులకూ వాడాలనుకుంటే అది రైతుకు భారమవుతుంది. ఒక పొలం, ఒక పరిశీలన, ఒకే పద్ధతి అని పరిమితం చేస్తే, కొత్త ఖర్చేమీ లేకుండా పంట కాలమంతటి క్రమబద్ధమైన రికార్డు చేతికందుతుంది. ఆ రికార్డుతో వ్యవసాయ విస్తరణ అధికారిని గానీ, కృషి విజ్ఞాన కేంద్ర శాస్త్రవేత్తను గానీ సంప్రదించే రైతుకు మరింత కచ్చితమైన సలహా లభిస్తుంది.