చమురు పట్టణమున పెట్రోలు పొదుపు

విశాఖపట్టణమున నివసించు వారికి ఒక సందేహము తరచు కలుగుచుండును. మల్కాపురము ప్రక్కన చమురుశుద్ధి కర్మాగారము రేయింబవళ్ళు పనిచేయుచున్నది. ముడిచమురు ఓడలు మన రేవునకే వచ్చుచున్నవి. అట్లుండ మన ఊరి బంకులో పెట్రోలు వెల దేశములోని అనేక నగరములకంటె హెచ్చుగా నుండుటకు కారణమేమి? కుమ్మరి వీధిలో కుండ ప్రియమైనట్లున్నది ఈ వ్యవహారము. మా విద్యార్థులే ఈ ప్రశ్నను పలుమార్లు వేసినారు. వారిలో ఆటోలు, అద్దె కార్లు నడుపుకొను ఇండ్లనుండి వచ్చువారు పెక్కురు. నెలకు వేయి రూపాయలు మిగిలినచో పరీక్ష ఫీజు గడువులోపల కట్టవచ్చును, లేనిచో అపరాధ రుసుముతో కట్టవలెను. వారి విషయమున పొదుపనగా ఇంతటి పని. కావున దీనిని కొంత వివరముగా చర్చింపదలచితిమి.

ముందుగా వెల సంగతి. 1957లో కాల్టెక్స్ సంస్థ ఇచ్చట నెలకొల్పిన కర్మాగారము తూర్పు తీరమున మొట్టమొదటిది. 1976లో ప్రభుత్వము దానిని స్వాధీనము చేసుకొనగా, 1978లో అది హిందూస్థాన్ పెట్రోలియంలో విలీనమైనది. కర్మాగారము చెంతనుండుటవలన మనకు తగ్గునది రవాణా ఖర్చు మాత్రమే. అందుచేతనే విజయవాడలోకంటె ఇచ్చట ధర సాధారణముగా కొలదిగా తక్కువ. కాని వెలలో పెద్దపాలు కేంద్రపు ఎక్సైజు సుంకము, రాష్ట్రపు వ్యాట్. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పెట్రోలుపై నూటికి 31 వంతున వ్యాట్, అదిగాక లీటరునకు 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు సుంకము విధించుచు వచ్చినది. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోనికి వచ్చినపుడు పెట్రోలు, డీజిలులకు ఆ విధానము వర్తింపజేయలేదు. అందువలననే రాష్ట్రపు ఎల్ల దాటగానే వెల మారిపోవుచున్నది.

దీనికి మంచి ఉదాహరణము యానాము. కాకినాడకు సమీపముననున్నను అది పుదుచ్చేరికి చెందిన భూభాగము. అచ్చట పన్ను తక్కువ. కనుక చుట్టుప్రక్కల ఆంధ్రులు బండ్లు తీసికొని అచ్చటి బంకులకు పోవుచుందురు. ఉత్తరమున ఇచ్ఛాపురము దాటి ఒడిశాలో ప్రవేశించినను ఇట్టి భేదమే కనబడును. అయిన విశాఖవాసి ఇందుకై బయలుదేరుట లాభమా? లెక్క వేసి చూతము. లీటరునకు 10 రూపాయలు తక్కువని అనుకొందము. 40 లీటర్ల ట్యాంకు నిండుటకు 400 రూపాయలు మిగులును. మన నగరమునుండి యానాము 160 కిలోమీటర్లకు తక్కువ కాదు. రానుపోను 320 కిలోమీటర్లు. లీటరునకు 16 కిలోమీటర్లు నడచు కారునకు 20 లీటర్లు కావలెను. నాలుగు వందలు మిగుల్చుకొనుటకు రెండువేల రూపాయల పైచిలుకు చమురు తగులబెట్టవలసి వచ్చును. రేవునుండి సరుకు నింపుకొని కలకత్తా దారి పట్టిన లారీవాని సంగతి వేరు. వాడు ఎట్లును ఎల్ల దాటును. వానికి ఆ తేడా నికరమైన లాభమే.

ఊరిలోపల గూడ ఇదే లెక్క. ఒక బంకునకు మరియొక బంకునకు ఉండు తేడా కొన్ని పైసలు. లీటరునకు 30 పైసలు తక్కువని నాలుగు కిలోమీటర్లు పోయి 30 లీటర్లు పోయించుకొన్నచో మిగులునది 9 రూపాయలు. రాకపోకలకు అర లీటరు, అనగా ఏబది రూపాయల పైమాట, ఖర్చగును. దారిలోని బంకే చవుక బంకు.

ప్రతిదినము ధర మార్చు పద్ధతిని 2017 మే 1న ప్రయోగార్థము అయిదు నగరములలో ప్రారంభించినారు. వానిలో మన విశాఖ యొకటి. అదే సంవత్సరము జూన్ 16నుండి అది దేశమంతటను అమలైనది. రేపు తగ్గునేమోయని నేడు పోయించుకొనక కాచుకొనువారు నాటినుండియే ఉన్నారు. తరువాత నెలల తరబడి ధర కదలని కాలమును వచ్చినది. ఈ నిరీక్షణవలన చేకూరునది స్వల్పము.

ప్రచారములోనున్న మరికొన్ని నమ్మకములు కలవు. తెల్లవారుజామున పెట్రోలు చల్లగా, చిక్కగా నుండును గనుక అప్పుడే కొనవలెనని యొకటి. వేడిమి ఒక డిగ్రీ పెరిగిన పెట్రోలు ఇంచుమించు వేయింట ఒక వంతు వ్యాకోచించుట నిజమే. కాని బంకులోని ట్యాంకులు భూమిలోపల నుండుటచే పగలు, రాత్రి వేడిమిలో చెప్పుకొనదగిన భేదముండదు. నూరు రూపాయలకు మారుగా నూటపది రూపాయలకు అడిగిన మోసము జరుగదనుట మరియొకటి. దీనికి ఆధారము లేదు. కొలత విషయమున నిజమైన రక్షణ చట్టమే ఇచ్చినది. ప్రతి బంకునందును తూనికలు కొలతల శాఖ ముద్రవేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండవలెను. అనుమానము కలిగినచో దానితో కొలిచి చూపుమని కొనుగోలుదారు అడుగవచ్చును. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకు అనుమతి కలదు, అంతకు మించరాదు. కల్తీ అనుమానమునకు వడపోత కాగితము అడుగవలెను. దానిపై వేసిన చుక్క రెండు నిమిషములలో మరక లేకుండ ఆరిపోయినచో కల్తీ లేనట్లు. ఇవి అడుగుటకు మనవారు మొగమాట పడుదురు. మీటరు సున్నా చూచుటకు గూడ కారు దిగనివారు తరువాత బంకువానిని నిందించుట తగదు.

ఇప్పటి పెట్రోలులో నూటికి 20 వంతులు ఇథనాల్ కలుపుచున్నారు. ఇథనాల్ లీటరునకు పెట్రోలులో రమారమి మూడింట రెండు వంతుల శక్తియే ఉండును. కాబట్టి పాత కార్లలో మైలేజి నూటికి కొన్ని వంతులు తగ్గిన ఆశ్చర్యము లేదు. దానికి మెకానిక్కును తప్పుపట్టనక్కరలేదు. హెచ్చు ఆక్టేను గల ఖరీదైన పెట్రోలు పోసిన నష్టము తీరునని కొందరనుకొందురు. కారుతో వచ్చిన పుస్తకములో అట్లు వ్రాసియుండనిచో అది వృథా వ్యయమే.

నిజమైన పొదుపు బంకు దాటిన తరువాతనే ఆరంభమగును. గాలి యొత్తిడి వేగపు వర్గమును బట్టి పెరుగును. ఆనందపురము–అనకాపల్లి ఆరు వరుసల రహదారిపై 80 కిలోమీటర్ల వేగమునకు బదులు 100లో పోవువాడు ఒకటిన్నర రెట్లు గాలిని ఎదుర్కొనుచున్నాడు. మిగులునది పది నిమిషములైనను కాదు. టైర్లలో గాలి తగ్గిన చక్రము బరువుగా దొర్లును. ఎంత గాలి ఉండవలెనో డ్రైవరు తలుపు ప్రక్కనే చీటీపై అచ్చువేసి యుందురు. టైర్లు వేడెక్కకముందు, పదునైదు దినముల కొకమారు చూపించుకొనుట మంచిది. గాజువాక, మద్దిలపాలెము కూడళ్ళలో ఇంజను ఆపక నిలుచుట మరియొక దండుగ. చిన్న కారైనను నిలిచినచోటనే గంటకు అర లీటరునకు తక్కువకాకుండ త్రాగును. పారుచున్న నదియొడ్డున వుజూ చేయుచున్నను నీటిని దుబారా చేయరాదని మన ఇండ్లలో పిల్లలకు నేర్పుదురు. కర్మాగారము కూతవేటు దూరముననున్న మనకు ఈ మాట మరింత తగును.

ఘాట్ల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. సింహాచలము కొండనుండియు, అనంతగిరి ఘాటునుండియు దిగునపుడు పొదుపు పేర గేరు తీసివేసి న్యూట్రల్‌లో వదలువారు కలరు. ఇది రెండు విధముల నష్టము. ఇప్పటి ఇంజనులలో గేరునందుండి యాక్సిలరేటరుపై కాలు తీసినచో ఇంధనపు సరఫరా దాదాపుగా నిలిచిపోవును. న్యూట్రల్‌లో నైతే ఇంజను ఆరిపోకుండుటకు చమురు పోయుచునే యుండవలెను. అంతేకాక ఇంజను పట్టు లేక బ్రేకులు వేడెక్కి పట్టుతప్పును. మలుపుల దారిలో దాని ఫలితమేమో చెప్పనక్కరలేదు.

తన కారు ఎంత త్రాగుచున్నదో తెలిసికొనుటకు ఒక నోటుపుస్తకము చాలును. నాజిల్ తనంతట ఆగువరకు నింపించి, కిలోమీటర్ల అంకె వ్రాసికొనవలెను. మరల నింపించునపుడు పట్టిన లీటర్లతో నడచిన దూరమును భాగించిన సరి. అంకె హఠాత్తుగా తగ్గినచో గాలి, బ్రేకుల పట్టు, ఎయిర్ ఫిల్టరు చూపించుకొనవచ్చును.

కమిటీవారికి ఒక మనవి. కూర్మన్నపాలెము వైపునుండి మన కళాశాలకు రానుపోను 40 కిలోమీటర్లు నడచు కార్లు నాలుగున్నవనుకొందము. ఒక్కొక్కటి దినమునకు రెండున్నర లీటర్లు, 24 పనిదినములకు 60 లీటర్లు త్రాగును. నాలుగు కార్లకు 240. నలుగురును వంతుల వారీగా ఒకే కారులో వచ్చినచో 60తో సరి. నెలకు 180 లీటర్లు మిగులును. ఏ వాడనుండి ఎవరు ఏ వేళకు వచ్చుచున్నారో ఒక కాగితముపై వ్రాయించి స్టాఫ్ గదిలోను, విద్యార్థుల నోటీసు బోర్డుపైనను అంటించినచో, మిగిలిన ఏర్పాటు వారే చేసికొందురు.