రొక్కం అక్కడికి, అరువు ఇక్కడికి: పెద్ద దుకాణాల పోటీలో కిరాణా వర్తకులు

పెద్ద కంపెనీలు చిల్లర వర్తకంలోకి దిగితే వీధి చివరి కిరాణా కొట్టు నిలవదన్న మాట తెలుగునాట సుమారు ఇరవై ఏళ్లుగా వినిపిస్తున్నది. 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ తన తొలి దుకాణాలను తెరిచింది హైదరాబాదులోనే. ఈ నగరంలోనే పుట్టి పెరిగిన త్రినేత్ర దుకాణాలను 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొనుగోలు చేసింది. తరువాత డీమార్ట్ వచ్చింది. ఇప్పుడు ఫోనులో ఆర్డరిస్తే నిమిషాల మీద సరుకు ఇంటికి చేర్చే కంపెనీలు కూడా రంగంలో ఉన్నాయి. అయినా ఏ పేటకు వెళ్లినా కిరాణా కొట్టు కనిపిస్తూనే ఉన్నది.

కనిపిస్తున్న కొట్లన్నీ లాభసాటిగా నడుస్తున్నాయని మాత్రం అనుకోరాదు. చిన్న వర్తకులను ఇబ్బంది పెడుతున్నది ధరల తేడా ఒక్కటే కాదు. చేతిలో ఆడవలసిన రొక్కం తగ్గిపోతూ ఉండడమే అసలు సమస్య.

ప్యాకెట్టు సరుకులో మిగిలేది స్వల్పం

సబ్బులు, టూత్‌పేస్టు, బిస్కెట్లు, టీపొడి వంటి కంపెనీ సరుకులపై గరిష్ఠ ధర ముద్రించి ఉంటుంది. పంపిణీదారు నుండి తెచ్చిన ఈ సరుకులపై చిల్లర వర్తకునికి సాధారణంగా నూటికి 8 నుండి 12 రూపాయలు మిగులుతాయి. పెద్ద దుకాణాలు పంపిణీదారుతో పనిలేకుండా కంపెనీ నుండే సరుకు ఎత్తుతాయి. అందువల్ల ముద్రిత ధరకు బాగా తగ్గించి అమ్మినా వాటికి గిట్టుబాటు అవుతుంది. రాయితీలు ప్రకటించిన రోజుల్లో కొందరు చిన్న వర్తకులే పెద్ద దుకాణానికి వెళ్లి సరుకు కొని తెచ్చుకోవడం కద్దు.

ఈ తేడాపైనే 2021 డిసెంబరులో అఖిల భారత వినియోగ వస్తు పంపిణీదారుల సమాఖ్య కంపెనీలను నిలదీసింది. తమకూ, పెద్ద సంస్థలకూ ఒకే ధర ఇవ్వకపోతే సహకరించబోమని హెచ్చరించింది.

డీమార్ట్ తక్కువ ధరకు అమ్మగలగడంలో పెద్ద రహస్యమేమీ లేదు. ఎక్కువ దుకాణాలు సొంత భవనాల్లో ఉండడంతో అద్దె భారం తక్కువ. త్వరగా అమ్ముడయ్యే రకాలకే చోటిస్తుంది. అన్నిటికీ మించి, సరుకు ఇచ్చినవారికి కొద్ది రోజుల్లోనే డబ్బు చెల్లించి, అందుకు బదులుగా ధర తగ్గించుకుంటుంది. రొక్కానికి ఒక ధర, అరువుకు ఒక ధర అన్నది బేగంబజారు టోకు వర్తకులకు తరతరాలుగా తెలిసిన సూత్రమే.

బియ్యం, పప్పులే ఆదరువు

చిన్న కొట్టుకు బలం విడి సరుకులో ఉన్నది. బియ్యం, పప్పులు, చింతపండు, ఎండుమిరప కంటితో చూసి, చేత్తో పట్టి కొనే సరుకులు. బాపట్ల పరిశోధన కేంద్రం రూపొందించిన సాంబమసూరి బియ్యం పేరుకు ఒకటే అయినా, కొత్తవైతే అన్నం ముద్దకడుతుంది, పాతవైతే పొడిపొడిగా వస్తుంది. ఏ ఇంటివారికి ఎంత పాత బియ్యం కావాలో వీధి వర్తకునికి తెలుసు. నచ్చకపోతే బస్తా వెనక్కు తీసుకుంటాడు. ఆవకాయ రోజుల్లో మిరపకాయలు, ఆవాలు, మెంతులు, నూనె చీటీ ప్రకారం కట్టి ఇవ్వడంలో అతనికి సాటి లేదు.

పన్ను విధానం కూడా విడి సరుకుకు కొంత అనుకూలించింది. ముందుగా సంచి కట్టి, లేబులు వేసిన బియ్యం, పప్పులు, పిండిపై 25 కిలోల వరకు 5 శాతం జి.ఎస్.టి. 2022 జూలై 18 నుండి అమలులోకి వచ్చింది. బస్తా విప్పి విడిగా తూచి ఇస్తే ఆ పన్ను లేదు. మార్కెట్టులో 26 కిలోల బియ్యం బస్తా పుట్టుకొచ్చింది ఇందువల్లనే.

ధరల ఒడిదుడుకుల్లో తక్కువ నిల్వ ఒక్కోసారి రక్షణ అవుతుంది. 2015 అక్టోబరులో కందిపప్పు చిల్లర ధర కిలో 200 రూపాయల దాకా పలికి, తరువాత దిగివచ్చింది. అటువంటి పతనంలో వందల బస్తాలు పేర్చుకున్నవారు దెబ్బతింటారు. రెండు బస్తాలున్న చిన్న వర్తకుని నష్టం ఆ రెండు బస్తాల మేరకే. అయితే ధర పెరిగినప్పుడు కలిసివచ్చే లాభమూ అతనికి అంతంత మాత్రమే.

ఖాతా పుస్తకం బరువు

అరువు ఇవ్వడమే కిరాణా కొట్టు ప్రాణమని అందరూ అంటారు. లెక్క వేసి చూస్తే అదే దాని జబ్బు కూడా కావచ్చు. ఉదాహరణకు ఒక వర్తకుని పెట్టుబడి 3 లక్షల రూపాయలు అనుకుందాం. అందులో లక్ష ఖాతాల్లో ఉండి, 2 లక్షలు సరుకు రూపంలో ఉన్నవి. ఆ సరుకు పదిహేను రోజులకొకసారి తిరిగితే ఏడాదికి 48 లక్షల వర్తకం జరుగుతుంది. నూటికి 10 చొప్పున నెలకు 40 వేలు మిగులుతాయి. అదే అరువు 2 లక్షలకు పెరిగితే సరుకుకు లక్ష మాత్రమే మిగిలి, వర్తకం 24 లక్షలకూ, నెల రాబడి 20 వేలకూ పడిపోతుంది. ఒక్క పైసా బాకీ ఎగవేత లేకుండానే రాబడి సగమవుతుంది. అద్దె, కరెంటు, తరుగు అందులోంచే పోవాలి. ఇంటిల్లిపాదీ చేసే చాకిరీకి జీతం లెక్క కట్టేవారే లేరు.

ఖాతా పెరగడానికి కారణం పెద్ద దుకాణాల పోటీయే. నెల మొదటి వారంలో జీతం చేతికి రాగానే చాలా కుటుంబాలు పెద్ద దుకాణానికి వెళ్లి నెల సరుకు రొక్కానికి తెచ్చుకుంటున్నాయి. ఇరవయ్యో తేదీ దాటాక తగ్గిన పప్పు, నూనె కోసం వీధి కొట్టుకు వచ్చి ఖాతాలో రాయించుకుంటున్నాయి. రొక్కం లేని వర్తకుడు టోకు కొట్టులో అరువుకు ఎత్తక తప్పదు. అరువు ధరకు తెచ్చిన సరుకు పెద్ద దుకాణం ధరకు ఇంకా ఎడమవుతుంది. దానితో ఉన్న రొక్కం బేరాలు కూడా తరలిపోతాయి.

2016లో మొదలైన యు.పి.ఐ. చెల్లింపులు ఈ విషయంలో కొంత మేలు చేశాయి. చిల్లర లేక ఖాతాలో రాసుకునే చిన్న మొత్తాలు ఇప్పుడు అప్పటికప్పుడే జమ అవుతున్నాయి. బ్యాంకుకు చూపడానికి లావాదేవీల ఆధారమూ దొరుకుతున్నది. 2015లో ప్రారంభమైన ముద్రా పథకం కింద శిశు రుణం 50 వేల వరకు, కిశోర్ రుణం 5 లక్షల వరకు లభిస్తుంది. ఆ సొమ్ము ఖాతాల్లోకి పోక, రొక్కం కొనుగోలుకు వినియోగమైతేనే ప్రయోజనం.

కూడి కొంటే కలిసివస్తుంది

ఇద్దరు ముగ్గురు వర్తకులు కలిసి ఒకే బండి మాట్లాడుకుని బేగంబజారు నుండో, విజయవాడ గొల్లపూడి టోకు మార్కెట్టు నుండో సరుకు తెచ్చుకుంటే కిరాయి, హమాలీ ఖర్చు కలిసివస్తుంది. మిల్లు నుండి నేరుగా బియ్యం దించుకుంటే మధ్యవర్తి కమీషన్ కూడా తప్పుతుంది. జర్మనీలో చిన్న కిరాణా వర్తకులు ఉమ్మడి కొనుగోలు కోసం 1898లో బెర్లిన్‌లో పెట్టుకున్న సహకార సంఘం నుండే ఎడెకా సంస్థ పుట్టింది. ఈనాడు ఆ దేశపు ఆహార వస్తువుల చిల్లర వర్తకంలో అదే అగ్రస్థానంలో ఉన్నది. ఇటువంటి ఏర్పాటు అవసరం ఇక్కడ మునుపటికంటే పెరిగింది. చిన్న వర్తకులు సరుకు ఎత్తే మెట్రో టోకు కేంద్రాలు 2023లో రిలయన్స్ వశమైనాయి. అంటే చిల్లరలో పోటీదారే టోకులో సరఫరాదారు అయినాడు.

పెద్దవారికీ ఇదే సూత్రం

రొక్కం ఆడకపోతే ఎంత పెద్ద సంస్థ అయినా నిలవదు. 1997లో చెన్నైలో మొదలై సుమారు 1,600 దుకాణాలకు విస్తరించిన సుభిక్ష, డబ్బు కటకటతో 2009లో మూతపడింది. బిగ్ బజార్ నడిపిన ఫ్యూచర్ రిటైల్ 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

చిన్న కొట్లకూ గండం తప్పిందని చెప్పలేము. ఏడాది కాలంలో దేశంలో 2 లక్షల కిరాణా కొట్లు మూతపడ్డాయని పంపిణీదారుల సమాఖ్య 2024లో అంచనా వేసింది. ప్యాకెట్టు సరుకులో ధరల పందెం వేయకుండా, విడి సరుకులో నాణ్యత నిలబెట్టుకుని, ఖాతాకు ఒక హద్దు పెట్టి, రొక్కానికి కూడి కొనే వర్తకులు తట్టుకోగలరు. ఖరీఫ్ ధాన్యం మిల్లులకు చేరే నవంబరు, డిసెంబరు నెలల నాటికి చేతిలో రొక్కం ఉంచుకోగలిగినవారికి ఏడాది పొడవునా బియ్యం బేరంలో వెసులుబాటు ఉంటుంది.