పరపతికి పరీక్ష

తెలుగున పరపతి యను మాట రెండు బరువులను మోయుచున్నది. ఊరిలో ఒకని మాటకు గల విలువ పరపతి. అతనికి అప్పు పుట్టుటకు గల యోగ్యతయు పరపతియే. ఈ రెండింటికి ఒకే మాట చాలినదనిన, మన పెద్దలకు అవి వేరుగా తోచలేదనియే అర్థము. పచారీ దుకాణమున అరువు పెట్టువాడు (తెలంగాణమున దీనినే ఉద్దెర యందురు) మనిషిని చూచి పెట్టును. వాని తండ్రి నెరుగును, ఇల్లెరుగును, పంట చేతికి వచ్చు నెల యెరుగును. ఇంగ్లీషు క్రెడిట్ అను మాటకును లాటిన్ భాషలో నమ్ముట అనియే మూలార్థము.

ఈ నమ్మకమును మనిషినుండి విడదీసి అంకెలలోనికి దింపుట ఇరువదవ శతాబ్దపు నడుమ అమెరికాలో జరిగినది. 1950లో న్యూయార్కున డైనర్స్ క్లబ్ కార్డు వెలసెను. 1956లో బిల్ ఫెయిర్ అను ఇంజనీరును, ఎర్ల్ ఐజాక్ అను గణితజ్ఞుడును కలసి ఒక సంస్థను స్థాపించి, ఎవరు అప్పు తీర్చుదురో ఎవరు తీర్చరో అంకెలతో అంచనా కట్టు పద్ధతిని వ్యాపారులకు అమ్మజూపిరి. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఫ్రెస్నో పట్టణమున 60,000 కార్డులను ఎవరును అడుగకయే తపాలాలో పంపినది. పుచ్చుకొన్నవారి ముఖములు పంపినవారికి తెలియవు. ముఖము తెలియనిచోట అంకె తప్పదు. అందు దోషము లేదు. ముఖము చూచి అప్పిచ్చు పాత పద్ధతిలో అన్యాయము తక్కువేమియు కాదు. 1974లో సమాన పరపతి అవకాశ చట్టము వచ్చువరకు అమెరికాలో వివాహితలకు భర్త సంతకము లేనిదే ఖాతా దొరకుట చాలచోట్ల దుర్లభముగా నుండెను.

చిక్కంతయు, అంకె ఆ మనిషిని చూచుట మాని, అతనిని పోలినవారిని చూడసాగినప్పుడు వచ్చినది.

2008లో అట్లాంటా నగరమున ఒక యువ వ్యాపారి, పెండ్లియైన పిదప విహారయాత్ర ముగించుకొని ఇల్లు చేరెను. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ నుండి జాబు వచ్చియుండెను. అతని కార్డుపై 10,800 డాలర్లుగా నున్న పరిమితి 3,800కు తగ్గింపబడినది. అతడు గడువు తప్పిన మనిషి కాడు. జాబులో చూపిన కారణములలో ఒకటి విచిత్రమైనది: ఇటీవల అతడు కార్డు వాడిన చోట్లనే వాడిన ఇతర ఖాతాదారులు సంస్థకు బాకీలు సరిగా తీర్చుట లేదట! ఆ చోట్లు ఏవో జాబులో లేదు. ఈ సంగతి 2009 ప్రారంభమున పత్రికల కెక్కి దేశమంతట చర్చకు వచ్చినది.

మన పచారీ దుకాణదారుడు లోభి కావచ్చును, అనుమానపు మనిషియు కావచ్చును. నీవు కల్లుపాక వైపు పోవుచుంటివని అరువు మానిన మానవచ్చును. కాని నీవు గుడ్డలు కొన్న కొట్టులోనే గుడ్డలు కొన్న వేరొకడు బాకీ ఎగవేసినాడని నీకు బియ్యము కొలుచుట మానడు.

సంస్థల పక్షమునను ఒక లెక్క కలదు. కార్డుపై పదివేల పరిమితి యనగా, అడిగిన క్షణమున పదివేలు ఇత్తునని చేసిన వాగ్దానము. కోట్లమందికి చేసిన ఇట్టి వాగ్దానములు మంచికాలమున నిద్రించును. ఉద్యోగములు పోవు కాలమున అన్నియు ఒక్కసారిగా మేల్కొనును. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసిన పిమ్మట ఆ భయము అందరను పట్టినది. భయపడినవాడు ముందు తన వాగ్దానములను తగ్గించుకొనును. 2009 ఫిబ్రవరిలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్, ఎంపిక చేసిన కొందరు ఖాతాదారులకు, బాకీ తీర్చి ఖాతా మూసికొన్నచో 300 డాలర్లు కానుకగా నిత్తునని కబురు పంపెను. అప్పిచ్చువాడు వెళ్లిపొమ్మని కట్నమిచ్చుట చరిత్రలో అరుదు. ఇంకొక వింత యేమనగా, ప్రతినెల బాకీ పూర్తిగా తీర్చి వడ్డీ చెల్లింపనివారిని ఆ వ్యాపారపు పరిభాషలో డెడ్‌బీట్లు, అనగా ఎగవేతదారులు, అని పరిహాసముగా పిలిచెడి వాడుక యుండెను. వ్యవహారమున నమ్మదగినవాడు వ్యాపారమునకు లాభదాయకుడు కానక్కరలేదని ఈ మాటయే చెప్పుచున్నది.

అదే అట్లాంటాలోని కాంప్యుక్రెడిట్ అను సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను 2008 జూన్‌లో వ్యాజ్యము వేసినది. అభియోగములలో ఒకటి ఇది: దాంపత్య సలహాదారునికో, పాత టైర్లకు రబ్బరు తొడుగు కొట్టుకో, మద్యశాలకో కార్డుతో రుసుము చెల్లించినచో, ఆ చెల్లింపును బట్టి పరిమితి తగ్గవచ్చునను సంగతిని ముందుగా తెలుపలేదు. కాపురము నిలుపుకొన యత్నించు దంపతులును, కొత్త టైరు కొనక పాతదానినే బాగుచేయించుకొన్న పొదుపరియు అనుమానితుల జాబితాలో చేరిరన్నమాట. డిసెంబరులో రాజీ కుదిరి, ఖాతాదారులకు కనీసము 11 కోట్ల 40 లక్షల డాలర్ల మేర ఉపశమనము కలుగునట్లు ఏర్పాటైనది. కాని గమనింపవలసిన దొకటి కలదు. కమిషను తప్పుపట్టినది చెప్పకుండ దాచుటను. అట్లు కొలుచుటను కాదు.

పరిమితి తగ్గిన మాత్రమున నష్టమేమి, తక్కువ వాడుకొనవచ్చును గదా యని కొందరు అడుగుదురు. భిన్నములు నేర్చిన బాలుడు దీనికి జవాబు చెప్పగలడు. ఒకనికి పరిమితి 10,000 డాలర్లు, బాకీ 3,000. వాడుక నూటికి 30. సంస్థ పరిమితిని 4,000కు దింపినది. ఇప్పుడు వాడుక నూటికి 75. లవము కదలలేదు, హారము తగ్గినది. అతడు ఒక్క డాలరైనను అధికముగా వాడలేదు. కాని ఫెయిర్, ఐజాక్‌ల సంస్థ 1989 నుండి ఇచ్చుచున్న ఫైకో అంకెలో నూటికి 30 పాళ్లు బాకీల పరిమాణమును బట్టియే నిర్ణయింపబడును. కావున అతని అంకె పడిపోవును. పడిన అంకెను చూచి రెండవ సంస్థ తన పరిమితిని తగ్గించును. దానిని చూచి మూడవది. అనుమానమే తన సాక్ష్యమును తానే పుట్టించుకొనుచున్నది. మరియొక పద్ధతియు కలదు. ఖాతాదారు బాకీలో వెయ్యి తీర్చును. సంస్థ వెంటనే పరిమితిలో వెయ్యి కోయును. అతడు ఎంత తీర్చినను ఎల్లప్పుడు అంచుననే నిలిచియుండును. బాకీ వెంట పరుగు అని దీనికి పేరు.

ఇక ఆర్థిక సమీక్ష యను తంతు. ఒకనాడు అంగడిలో కార్డు పనిచేయదు. విచారింపగా, ఖాతా సమీక్షలో నున్నదని తెలియును. ఆదాయపు పన్ను శాఖనుండి పన్ను లెక్కల నకలు నేరుగా తెప్పించుకొనుటకు అనుమతి పత్రముపై సంతకము చేయుమందురు. చేయనిచో ఖాతా మూతపడును. బిల్లు చెల్లించు క్యూలో, వెనుకనున్నవారి యెదుట, కార్డు తిరిగి చేతికి వచ్చినపుడు కలుగు చిన్నతనము ఏ అంకెలోను చేరదు. ఏళ్ల తరబడి గడువు తప్పనివానికి అది మరింత గుచ్చుకొనును.

చట్టము చేసినది స్వల్పము. అప్పు నిరాకరించినపుడు కారణము చెప్పవలెనను నియమము సమాన పరపతి చట్టమునకు 1976 సవరణతో చేరినది. అట్లాంటా వ్యాపారికి ఆ వింత కారణమైనను తెలిసినది కారణము చెప్పు సంప్రదాయమువలననే. 2009 మే నెలలో వచ్చిన కార్డు చట్టము, కొనుగోలు చోటులను బట్టి పరిమితులు తగ్గించుటను గూర్చి విచారించి నివేదింపుమని ఫెడరల్ రిజర్వును ఆదేశించెనే కాని, నిషేధింపలేదు.

మనకు ఇది పరదేశపు కథ మాత్రమే కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమగుటకు ఎంతో ముందు, 1981లోనే క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టినది. 2000లో సిబిల్ వచ్చినది. 300 నుండి 900 వరకు గల దాని అంకె నేడు ఉపాధ్యాయుని ఇంటి అప్పునకు సైతము ద్వారపాలకుడు. తన నివేదికను ఏటా ఒకసారి ఉచితముగా తెప్పించుకొని, అందలి పొరపాటును దిద్దించుకొనుమని కోరు హక్కు ఖాతాదారునకు కలదు. తనది కాని నడతను దిద్దించుకొను మార్గము మాత్రము ఎక్కడను లేదు. 2022 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశములలో, కార్డు పరిమితి పెంచవలెనన్న ఖాతాదారుని స్పష్టమైన సమ్మతి కావలెనని యున్నది. తగ్గించునపుడు మాత్రము తెలియజేసిన చాలునని యున్నది.