యాస నాలుకలో ఉందా, చెవిలో ఉందా?

ఒక చిన్న పని చెయ్యండి. గట్టిగా 'త' అనండి. నాలుక కొన ఎక్కడ తగిలింది? పై పళ్ళ వెనుక. ఇప్పుడు 'ట' అనండి. ఈసారి నాలుక కొన వెనక్కి వంగి అంగిలిని తాకింది. ఈ రెండు చోట్లకూ నడుమ, పళ్ళకు కాస్త పైన ఉబ్బెత్తుగా ఉండే చిగురుకు నాలుకను ఆనించి మళ్ళీ పలకండి. ఇంగ్లీషువారు 'టైం', 'టేబుల్' అన్నప్పుడు మొదటి ధ్వని పుట్టేది అక్కడే. అది మన 'త' కాదు, 'ట' కూడా కాదు. మన చెవికి 'ట'కు దగ్గరగా తోచింది కనుక అలాగే రాసుకున్నాం, అలాగే పలుకుతున్నాం. నాలుక ఒక సెంటీమీటరు అటో ఇటో కదిలితే చాలు, మన ఊరూ పేరూ చెప్పకుండానే మనదేదేశమో ఎదుటివాడికి తెలిసిపోతుంది!

ఈ అలవాటు ఎప్పుడు పట్టుబడుతుంది? మీరు నడక నేర్చేలోపే. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రజ్ఞులు కెనడాలో పసిపిల్లలపై చేసిన పరిశోధనను ప్రకటించారు. ఇంట్లో ఇంగ్లీషు మాత్రమే వినే పిల్లలకు హిందీలోని త, ట వంటి ధ్వనులు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడాను పసిగట్టారు. పది, పన్నెండు నెలల వయసు వచ్చేసరికి చాలామందికి ఆ నేర్పు పోయింది. చుట్టూ వినిపించని తేడాను మెదడు పట్టించుకోవడం మానేసిందన్నమాట. కాబట్టి యాస అంటే బద్ధకమో, చదువు తక్కువో కాదు. చెవి, మెదడు, నాలుక కలిసి తొలి ఏడాదిలోనే మొదలుపెట్టిన సాధన.

ఇక తెలుగు సంగతి. 'వచ్చాడు' అని ఒకరంటే, 'వచ్చిండు' అని తెలంగాణలోనూ, 'వచ్చినాడు' అని రాయలసీమలోనూ అంటారు. పలుకుబడిలోని ఈడ్పు, ఊపు యాస. మాటలూ క్రియారూపాలూ కూడా మారితే అది మాండలికం. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి నాయకత్వంలో రైతుల నోటి మాటలను సేకరించి 1962లో వ్యవసాయ పదకోశం వెలువరించారు. తెలుగు నేలకు నాలుగు మాండలిక మండలాలున్నాయని ఆయన చూపించారు. అందులో కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతపు చదువుకున్నవారి భాషే పత్రికల్లోకీ పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కువగా వచ్చింది. కారణం వెతికితే నాలుకలో దొరకదు. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల తరువాత అక్కడ పంటలు పెరిగాయి, వాటి వెంట బడులు, అచ్చుయంత్రాలు వచ్చాయి. అదే కాలంలో నిజాం రాజ్యంలో చదువు ఎక్కువగా ఉర్దూలో సాగింది. కాలువ నీళ్ళు మరోచోట పారి ఉంటే మీ వాచకంలో మరో యాస ఉండేదేమో!

మరి ఇంత తెలిసీ నగరంలో కాలేజీకి వెళ్ళిన పల్లె పిల్లలు కొందరు మొదటి ఏడంతా నోరు విప్పరు. లెక్క తెలుసు, జవాబు తెలుసు, కానీ వెనుక బెంచీ నవ్వుతుందేమోనని భయం. రేపు ఉద్యోగానికి ఇంటర్వ్యూలోనూ అదే భయం. యాస మార్చుకోవాలా అని నన్ను అడిగేవాళ్ళకు ముందు మాంట్రియల్ నగరంలో జరిగిన ప్రయోగం చెబుతాను.

1960లో వాలెస్ లాంబర్ట్, ఆయన సహచరులు రెండు భాషలూ బాగా వచ్చిన కొందరిచేత ఒకే విషయాన్ని ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి ఫ్రెంచిలో చదివించి రికార్డు చేశారు. విన్నవారికి మాత్రం అన్నీ వేర్వేరు మనుషుల గొంతులని చెప్పారు. ఆ మనిషి తెలివైనవాడా, నమ్మదగినవాడా, చివరికి పొడగరా అని కూడా అడిగారు. ఇంగ్లీషు చదివినప్పుడు ఎక్కువ మార్కులు పడ్డాయి. అదే మనిషి ఫ్రెంచి చదివితే తక్కువ. విచిత్రమేమంటే ఫ్రెంచి మాతృభాషగా గలవారు కూడా ఫ్రెంచి గొంతులకే తక్కువ వేశారు! ఈ పద్ధతినే తరువాత యాసల మీద కూడా ప్రయోగించి చూశారు. అక్కడా ఇదే తీరు కనిపించింది. లోపం మాట్లాడే నోటిలో లేదు, వినే చెవిలో ఉంది. అయితే ఉద్యోగం ఇచ్చేది ఆ చెవే కదా అంటారా? నిజమే. ఆ ఇబ్బందిని నేను కాదనను.

అందుకే పొరపాటు వింటే ప్రాణాలు పోయే చోట ఏం చేస్తున్నారో చూడండి. అంతర్జాతీయ విమానాల పైలట్లు, వారికి దారి చెప్పే కంట్రోలర్లు ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం పెట్టింది. 2008 నుంచి అది అమలులోకి వచ్చింది. అందులో ఆరు మెట్లు. కనీసం నాలుగో మెట్టు ఎక్కాలి. అన్నిటికన్నా పైదైన ఆరో మెట్టులో కూడా మాతృభాష ఛాయ ఉండవచ్చు. అర్థం చేసుకోవడానికి అడ్డు రాకపోతే చాలు. పైగా మనుషుల నాలుకలను కాక మాటలనే మార్చారు! రేడియో గరగరలో 'ఫైవ్', 'నైన్' ఒకేలా వినబడతాయి కనుక వాటిని 'ఫైఫ్', 'నైనర్' అంటారు. 'త్రీ'లోని మొదటి ధ్వని చాలా దేశాలవారికి నోరు తిరగదు కనుక 'ట్రీ' అనమన్నారు.

నా సలహా ఆ దారిలోనిదే. తొందర తగ్గించండి. వాక్యం చివరి మాటను మింగకండి. కొత్తవారికి తెలియని ఊరిమాట వస్తే పక్కనే మరో మాట చేర్చండి. అంకెలు, పేర్లు విడివిడిగా పలకండి. ఇంగ్లీషులో మాటలోని ఏ భాగాన్ని ఒత్తి పలకాలో నిఘంటువు చూసి నేర్చుకోండి. అర్థం చెడేది ఎక్కువగా అక్కడే. ఇంటి యాసను తుడిచెయ్యనక్కర లేదు. బడిలో ఒకలా, అమ్మమ్మతో ఒకలా మీరు ఇప్పుడూ మాట్లాడుతూనే ఉన్నారుగా!

లాంబర్ట్ ప్రయోగాన్ని మీరూ చేయవచ్చు. రెండు యాసలు బాగా వచ్చిన ఒకరిచేత ఒకే పేరాను రెండు తీరుల్లో చెప్పించి ఇంట్లో ఫోనులో రికార్డు చెయ్యండి. మధ్యలో మరో ఇద్దరి గొంతులు కలపండి. ఇరవై మందికి విడివిడిగా వినిపించి, 'ఈయన తెలివికి పదికి ఎన్ని మార్కులు?' అని అడిగి రాసుకోండి. విన్నవారి సొంత ఊరు కూడా రాయడం మరవకండి. ఒకే మనిషికి పడిన రెండు మార్కుల మధ్య తేడా ఎంతో, ఏ ఊరివారు ఎవరికి తగ్గించారో పట్టిక వేసి మీ మాస్టారికి చూపించండి.