గాలి మోసెడి బరువు

గోదావరిఖని చెంత సింగరేణివారి ఓపెన్‌కాస్టు గనులలో నూరు టన్నుల డంపరు ఓబీ, అనగా బొగ్గుపై కప్పియున్న మట్టి, నింపుకొని, లోతునుండి ఏటవాలు దారి వెంట మెల్లగా పైకెక్కుచుండగా, చూచువారి కన్ను మొదట దాని తొట్టిపై నిలుచును. నా కన్ను మాత్రము మనిషి నిలువెత్తును మించిన దాని ఆరు టైర్లను విడువదు. ఏలయన ఆ భారమును మోయునది రబ్బరు కాదు, రబ్బరు తిత్తిలో బిగింపబడిన గాలి.

ఎండకు బంకయై, చలికి పెళుసెక్కు పచ్చి రబ్బరును గంధకముతో కాచి స్థిరపరచు ఉపాయమును 1839లో అమెరికా దేశస్థుడు చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. 1845లో స్కాట్లండు వాసి రాబర్ట్ విలియం థామ్సన్ గాలిచక్రమునకు పేటెంటు పొందెను గాని, సైకిలైనను సరిగా రూపొందని ఆ కాలమున దానిని కోరువారు కరవైరి. ఆయన 1873లో గతించెను. పిమ్మట బెల్‌ఫాస్టునందలి పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడుచక్రముల బండి కొరకు అదే వస్తువును మరల కల్పించి 1888లో పేటెంటు పొందగా, థామ్సన్ పాతపత్రము బయటపడి ఆ హక్కు చెల్లకపోయెను. తన చక్రము లోకమును మోయుట చూడకయే కన్నుమూసిన ఆ థామ్సన్‌ను తలచినపుడెల్ల నా మనసు కలుక్కుమనును. ఆ గాలిచక్రమునకే 1946లో ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సంస్థ రేడియల్ నిర్మాణమును, అనగా లోపలి దారములు అంచునుండి అంచుకు అడ్డముగా సాగు అమరికను, కూర్చి పేటెంటు పొందెను.

టైరు దొరలునపుడు నేలనంటిన భాగము నొక్కుకొని, నేల విడిచినంతనే యథాస్థితికి వచ్చును. అయితే నొక్కుటకు వ్యయమైన శక్తి అంతయు తిరిగి రాదు, కొంత వేడియై లోపలనే నిలుచును. గాలి తగ్గినకొలదిని, బరువును వేగమును హెచ్చినకొలదిని ఆ వేడి పెరుగును. అందుకే గని ఇంజనీర్లు ఒక్కొక్క టైరు మోయు సగటు టన్నులను గంటకు నడుచు సగటు కిలోమీటర్లతో గుణించి, ఆ లబ్ధము తయారీదారుల హద్దు మీరకుండ కాచుకొందురు. రామగుండపు ఎండ 45 డిగ్రీలకు చేరు దినములలో ఈ లెక్క ప్రాణసమానము.

ఇంటిముందరి రెండు టన్నుల ఎస్‌యూవీకి క్రొత్త టైర్లు కొనువారికిని ఇదే లెక్క వర్తించును. దుకాణమున మొదటి ప్రశ్న గాట్ల సొగసును గూర్చినదగుట నాకు బాధాకరము. ఫార్చ్యూనరు వంటి బండి టైరుపై 265/65 ఆర్ 17 112 ఎస్ అని యుండును. అందు 112 అనగా ఆ టైరు 1120 కిలోలు మోయగలదని అర్థము. బండి బరువును నాలుగింట పంచినచో ఇంత బలమేలయని తోచును గాని, మనుషులును సామానును ఎక్కిన బండికి వేగమున బ్రేకు వేసినపుడు భారము ముందు చక్రములపైకి ఒరుగును. కావున ఆ అంకె తగ్గిన టైరు ఎంత వెడల్పైనను కొనరాదు.

రాజీవ్ రహదారిపై కరీంనగరు వైపు తిరుగువారికి రహదారి టైరే మేలు. లోతైన గాట్లది తారుపై మ్రోయును, వానలో బండి ఆగుటకు తరచు ఎక్కువ దూరము పట్టును. ఓబీ గుట్టల చేరువ రాళ్ళబాటల నిత్యము నడుచువారు మాత్రము ప్రక్కగోడ గట్టిదైనదానినే ఎన్నుకొనవలెను. ఏ టైరు కొన్నను దాని ప్రక్కగోడపైనున్న తయారీ తేదీ నాలుగంకెలను చదువుడు: 2324 అన్నచో అది 2024వ సంవత్సరపు 23వ వారమున పుట్టినది.

గాలి కొలుచుట తెల్లవారుజామున, టైరు చల్లగా నున్నపుడే. ఎండలో నడిచి వచ్చిన టైరుకు గాలి కొలుచు పరికరపు ముల్లు పైకెక్కి చూపుట సహజము. అది చూచి భయపడి గాలి తీయించినచో, మరునాడు ఆ టైరు తక్కువ గాలితో మరల ఎండలోనికి బయలుదేరును.