పసిబిడ్డల గొంతునకు గండము

వీరులపాడు ప్రాంతమున పత్తితీతకును మిరపకోతకును తల్లులు పొలమునకేగునపుడు, ఇంటనున్న పసివారిని కనిపెట్టియుండు భారము తరచుగ వారి అక్కలపైనను అన్నలపైనను పడుచుండును. కావున ఈ విషయము తలిదండ్రులవలెనే విద్యార్థులును ఎరుగదగినది.

అన్నము తినునపుడు పొలమారినచో ఎవరో తలంచుకొనుచున్నారని నడినెత్తిపై తట్టుట మన యిండ్ల వాడుక. ఆ మాటలో ఆప్యాయత గలదు గాని ఆ తట్టుటవలన ప్రయోజనము లేదు. గొంతులో రెండు మార్గములు గలవు: ముందుది శ్వాసనాళము, వెనుకది అన్నవాహిక. మ్రింగునపుడెల్ల శ్వాసనాళముపై ఒక చిన్న మూత వాలును. నోట ముద్దనుంచుకొని నవ్వినను, ఏడ్చినను, పరుగెత్తినను ఆహారము దారితప్పవచ్చును. పెద్దలకు దగ్గు దానిని వెడలగొట్టును. పసివారికి నాళము సన్నము, దగ్గు బలహీనము, నమలు దంతములు చాలవు. గాలి పూర్తిగ నిలిచినచో కొలది నిమిషములలోనే మెదడు చెడును.

వేరుసెనగలు, సీతాఫలపు గింజలు, రేగుగింజలు, వామనగుంటలాటకు తెచ్చిన చింతపిక్కలు, నాణెములు, క్రిస్మసు అలంకారములలో పగిలిన బుడగల ముక్కలు, ఇవన్నియు అపాయకరములే. ఐదేండ్లు నిండువరకు వేరుసెనగలను పొడిచేసి పెట్టవలెను. ద్రాక్షపండ్లను నిలువుగ చీల్చి యీయవలెను. బిడ్డను కూర్చుండబెట్టియే తినిపింపవలెను. ఏడ్చు శిశువును వెల్లకిల పండబెట్టి, ముక్కుమూసి, ఉగ్గుగిన్నెతో మందుపోయుట ఎన్నడును తగదు.

జాగ్రత్తపడినను ఆపద వచ్చినచో నేమి చేయవలెను? బిడ్డ గట్టిగ దగ్గుచున్నచో దగ్గనీయవలెను. దగ్గును ఏడుపును వెలువడక పెదవులు నీలమగుచున్నచో, ఒకరు 108కు ఫోను చేయుచుండగా మరియొకరు వెంటనే పూనుకొనవలెను. ఏడాది నిండని శిశువును ముంజేతిపై బోర్లించి, తల క్రిందుగ నుంచి, రెక్కల నడుమ అరచేతి మడమతో 5 దెబ్బలు కొట్టవలెను. వస్తువు రానిచో వెల్లకిల త్రిప్పి రొమ్ముటెముకపై 5 మారులు అదుమవలెను. ఏడాది దాటినవారికి వీపుపై 5 దెబ్బల పిదప, వెనుకనుండి పట్టుకొని, బొడ్డునకు పైగా పిడికిలి యుంచి, లోనికిని పైకిని 5 మారులు నొక్కవలెను. ఈ నొక్కు పద్ధతిని అమెరికా శస్త్రవైద్యుడు హెన్రీ హైమ్లిక్ 1974లో ప్రకటించెను. వస్తువు వెడలువరకు ఈ రెంటిని మార్చి మార్చి చేయవలెను. కంటికి కనబడని వస్తువునకై గొంతులో వ్రేలు పెట్టరాదు. అది మరింత లోనికి పోవును. స్పృహ తప్పినచో రొమ్ము నొక్కుచు నోట ఊపిరి యూదవలెను. ఈ విద్యను ముందుగనే వైద్యులయొద్ద నభ్యసించుట మేలు.

ఇంకొక మోసము గలదు. దగ్గుతెర వచ్చి తగ్గిపోయినను గింజ ఊపిరితిత్తిలో నిలిచియుండవచ్చును. పిమ్మట విడువని దగ్గు, పిల్లికూత, జ్వరము పుట్టును. వేరుసెనగ గింజ సాధారణముగ ఎక్స్‌రే పటమున కనబడదు; కావున జరిగినదానిని వైద్యునకు తప్పక చెప్పవలెను. 1897లో జర్మను వైద్యుడు గుస్టావ్ కిలియన్ గొట్టపు సాధనముతో ఒక రైతు శ్వాసనాళమునుండి ఎముకముక్కను తీసెను. అట్టి సాధనములతోనే నేడును గింజలను తీయుచున్నారు.

బాలబాలికలారా! ఆట ముగియగనే చింతపిక్కలను లెక్కించి, ఒక్కటియు తగ్గకుండ మూటగట్టి ఎత్తున నుంచుడు. మీ తమ్ముని ఊపిరికి మీరు చేయగల కాపుదల యదియే.